పాప్ గాయకుల గాత్రంలోని బలాలు, లోపాలు అంచనా వేయడం ఎలా? దశలవారీ సమగ్ర మార్గదర్శి

ఒక పాట విని "గొంతు బాగుంది" అనడం తేలిక. ఆ గొంతు ఏ స్థాయిలో బాగుంది, ఎక్కడ బిగుసుకుంటోంది, వేదిక మీద ఏది నిలుస్తోంది, స్టూడియో దేన్ని కప్పిపుచ్చుతోంది అని ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పడానికి ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతి ఏమిటని పాఠకులు తరచుగా అడుగుతున్నందున, ఇంగ్లీషు పాప్ గాయకులను ఉదాహరణలుగా తీసుకుని దాన్ని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. మీకు పాడటం రానక్కర్లేదు. స్వరం పైకి వెళ్లిందా కిందికి దిగిందా అని గుర్తించగలిగి, ఒకే చోటును పదిసార్లు వినే ఓపిక ఉంటే సరిపోతుంది.

మొదటి నుంచి చివరి వరకు ఒక్క నియమాన్ని వదలకూడదు. ఒక రికార్డింగులో ఒకసారి వినిపించినది పరిశీలన మాత్రమే. వేర్వేరు సందర్భాల్లో, దాదాపు అదే ఎత్తు స్వరం దగ్గర, గాయకుడు కోరుకోకపోయినా మళ్లీ మళ్లీ వినిపించేదే లోపం. బలానికి కూడా ఇదే కొలత వర్తిస్తుంది.

## 1. వినడం మొదలుపెట్టే ముందు

ఖరీదైన సాధనాలు అక్కర్లేదు గానీ, ఉన్నవి ధ్వనిని మార్చనివై ఉండాలి. ఫోను స్పీకరులో మంద్ర స్వరాల బరువు దాదాపు మాయమవుతుంది. బేస్ పెంచే ఇయర్‌ఫోన్లలో పలచని గొంతు కూడా గంభీరంగా తోస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి:

- తీగ ఉన్న మామూలు హెడ్‌ఫోన్లు. ఈక్వలైజర్, సరౌండ్ వంటి సెట్టింగులన్నీ ఆపేయండి.
- చిన్న కీబోర్డు, లేదా ఫోనులో పియానో యాప్.
- కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్. ఇది ఉచితంగా దొరుకుతుంది. ఒకే భాగాన్ని తిప్పితిప్పి వినడానికి, స్పెక్ట్రోగ్రామ్ (స్వరాల ఎత్తును కాలంతో పాటు గీతలుగా చూపే బొమ్మ) చూడటానికి ఇది చాలు.
- నోటుపుస్తకంలో నాలుగు గడులు: రికార్డింగు పేరు-సంవత్సరం; నిమిషం-సెకను; విన్నది; దాని నుంచి ఊహించినది.

చివరి రెండు గడులను విడిగా ఉంచడమే ఈ పనిలో సగం. "గొంతు బిగుసుకుంది" అన్నది ఊహ. "ఇక్కడ అచ్చు సన్నబడింది, శబ్దం ఒక్కసారిగా పెరిగింది, స్వరం చివర తెగింది" అన్నది విన్నది. విన్నదానితో ఎవరూ పేచీ పెట్టుకోలేరు. ఊహ తప్పని తేలితే దాన్ని మార్చుకోవచ్చు.

స్వరాల ఎత్తును పాశ్చాత్య పద్ధతిలో రాసుకోవడం మంచిది, ఎందుకంటే పాప్ సంగీతం గురించి మీరు చదివేవన్నీ ఆ పద్ధతిలోనే ఉంటాయి. పియానో మధ్యలోని సి4 అంటే సుమారు 261.6 హెర్ట్జ్. మన శ్రుతి పెట్టె భాషలో అది ఒకటో శ్రుతి షడ్జం. దానికి పైన ఉన్న జి4 ఐదో శ్రుతి షడ్జం. ఏ4 అంటే 440 హెర్ట్జ్. ప్రతి సి దగ్గర అంకె మారుతుంది. ఈ మూడు గుర్తుపెట్టుకుంటే మిగిలినవి కీబోర్డు మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఇంకొక జాగ్రత్త. యూట్యూబ్‌లో ఎవరెవరో ఎక్కించిన పాటలు కొన్నిసార్లు కాపీరైటు వడపోతను తప్పించుకోవడానికి అర స్వరం (కీబోర్డు మీద పక్క మీటకు ఉన్న దూరం) పెంచో తగ్గించో ఉంటాయి. పాత టేపు రికార్డింగులు కూడా కొద్దిగా వేగం తేడాతో ఉండవచ్చు. అందువల్ల ముందు వాద్యాల శ్రుతిని కీబోర్డుతో పోల్చి, ఆ తరువాతే గాత్రం జోలికి వెళ్లండి.

## 2. రికార్డింగుల ఎంపిక

అంచనాలు చాలావరకు తప్పేది ఇక్కడే, కాబట్టి ఈ దశకు ఎక్కువ సమయం కేటాయించండి.

స్టూడియో పాట ఒకే గుక్కలో పాడినది కాదు. గాయని ఒకే చరణాన్ని అనేకసార్లు పాడితే, ఇంజనీరు ఒక్కొక్క పాదానికి, ఒక్కోసారి ఒక్కొక్క పదానికి, మేలైన ముక్కను ఎంచి అతుకుతాడు. ఆ పైన శ్రుతిని సవరిస్తాడు. ఇలా శ్రుతిని సవరించే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్‌ను ఆంటారెస్ సంస్థ 1997లో విడుదల చేసింది. 1998లో షేర్ పాడిన "బిలీవ్" పాటలో ఆ సాఫ్ట్‌వేర్ పనితనం బాహాటంగానే వినిపించింది. అయితే చెవికి చిక్కకుండా చేసే సవరణే ఎక్కువ. అందుచేత ఈ కాలపు స్టూడియో పాట విని "శ్రుతి అద్భుతం" అని తీర్పు చెప్పడానికి వీల్లేదు. స్టూడియో పాటలో నమ్మదగినవి వేరే ఉన్నాయి: గొంతు స్వభావం, పదాలను విడగొట్టే తీరు, భావం, హార్మనీల (ఒకేసారి వేర్వేరు స్వరాల్లో పాడే గాత్రాల) అల్లిక.

ప్రత్యక్ష ప్రదర్శన అనగానే నమ్మడానికి కూడా లేదు. విట్నీ హ్యూస్టన్ 1991 జనవరి 27న టాంపాలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ తుది పోటీ) మైదానంలో పాడిన అమెరికా జాతీయ గీతాన్ని గొప్ప ప్రత్యక్ష గానంగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజానికి ప్రసారంలో జనం విన్నది ముందుగా రికార్డు చేసిన గాత్రం. 2013లో ఒబామా ప్రమాణ స్వీకారంలో బియాన్సే కూడా ముందే రికార్డు చేసిన గాత్రాన్నే ఆశ్రయించారు. కొద్ది రోజులకు విలేఖరుల ముందు అదే గీతాన్ని అప్పటికప్పుడు పాడి, ఆ సంగతి తానే ఒప్పుకున్నారు. ఈ ఇద్దరి శక్తిని ఇవి తగ్గించవు. ఆ రెండు రికార్డింగులు "వేదిక మీద నిలకడ" అనే గడిలో చేరవు, అంతే.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ టీ-పెయిన్. ఆటోట్యూన్‌కు మారుపేరుగా ముద్రపడిన ఆయన 2014లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ వారి టైనీ డెస్క్ కార్యక్రమంలో, ఆ పరికరం లేకుండా, కీబోర్డు తోడుతో పాడినప్పుడు చక్కటి శ్రుతిశుద్ధి, నిండైన గొంతు బయటపడ్డాయి. పరికరాన్ని వాడటం, పరికరం మీద ఆధారపడటం ఒకటి కావు.

ఒక గాయకుడి కోసం కనీసం ఇవి సేకరించండి:

- పియానో లేదా గిటారు మాత్రమే తోడుగా ఉన్న రెండు ప్రదర్శనలు. రేడియో స్టూడియోలలో చేసినవి మేలు.
- ఒకే కచేరీలోని తొలి పాట, చివరి పాట. అలసట లెక్క తేలడానికి ఇవి కావాలి.
- ఒకే పాటకు కనీసం మూడు వేర్వేరు సంవత్సరాల ప్రదర్శనలు.
- రెండు స్టూడియో పాటలు, ఒకటి నెమ్మదైనది, ఒకటి వేగమైనది.

నిజంగా అప్పుడే పాడుతున్నారా అని తేల్చుకోవడానికి మైకు దూరం జరిగినప్పుడు శబ్దం మారుతుందా, ఊపిరి పెదవులతో కలుస్తుందా, నృత్యం చేస్తున్నప్పుడు పాదాల చివర్లు కాస్త కుంచించుకుపోతాయా, స్టూడియో పాటకూ దీనికీ చిన్న చిన్న తేడాలు ఉన్నాయా అని చూడండి. తేడాయే లేకపోతే అనుమానించండి. అధికారికంగా విడుదలైన కచేరీ ఆల్బమ్‌లలో కూడా తరువాత స్టూడియోలో సరిదిద్దడం మామూలే.

## 3. శ్రుతి, లయ

ఒక అర స్వరాన్ని 100 సెంట్లుగా విభజిస్తారు. నిలకడగా సాగే స్వరంలో 20, 25 సెంట్ల తేడా ఉంటే శ్రద్ధగా వినే చెవికి పట్టుబడుతుంది. వేగంగా దొర్లే స్వరాల్లో అంతకన్నా ఎక్కువ తేడా కూడా తెలియకుండా పోతుంది. కాబట్టి శ్రుతిని దీర్ఘ స్వరాల దగ్గరే పరీక్షించాలి.

1. పాదం చివర దీర్ఘంగా నిలిచే ఐదు స్వరాలను ఎంచుకోండి.
2. ప్రతి స్వరాన్ని మూడు భాగాలుగా వినండి: అందుకోవడం, నిలపడం, వదలడం.
3. కీబోర్డు మీద అదే స్వరాన్ని మోగించి పోల్చండి.
4. తప్పింది పైకా, కిందికా, ఏ భాగంలో అన్నది రాయండి.

కింది నుంచి స్వరంలోకి జారుతూ వచ్చి స్థిరపడటం పాప్, సోల్ శైలుల్లో అలంకారం. స్వరం మధ్యలో కుంగితే ఊపిరి ఆధారం తగ్గిందని, ఎత్తు స్వరాలు ఎప్పుడూ కాస్త పైకే పోతుంటే గట్టిగా నెడుతున్నారని అనుమానించవచ్చు. అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది అవరోహణ. పైకి ఎక్కేటప్పుడు గాయకులు జాగ్రత్తగా ఉంటారు, దిగేటప్పుడు సడలుతారు. శ్రుతి జ్ఞానం అసలు రంగు అక్కడే కనిపిస్తుంది.

వాద్యాలు పూర్తిగా ఆగిపోయే చోటు దొరికితే వదలకండి. వాద్యాలు మళ్లీ ప్రవేశించినప్పుడు గాత్రం వాటితో కలిసిందా, కొంత జారిపోయిందా అన్నది ఒక్క క్షణంలో తెలిసిపోతుంది.

లయకు వేరే చెవి కావాలి. డ్రమ్ము దెబ్బకు అనుగుణంగా వేలితో తాళం వేస్తూ, పదంలోని మొదటి హల్లు ఎక్కడ పడుతోందో చూడండి. కావాలని దెబ్బకు వెనకగా పాడేవారు పాట పొడుగునా అంతే వెనకగా ఉంటారు. పట్టు తప్పినవారు ఒక చోట వెనకబడి మరొక చోట పరుగెత్తుతారు. మైకేల్ జాక్సన్ హల్లులను, ఊపిరి శబ్దాలను, చిన్న ఎక్కిళ్ల వంటి ధ్వనులను తాళ వాద్యంలా వాడిన తీరు ఈ విభాగంలో వినదగిన పాఠం. గాత్ర బలం అనగానే అందరూ ఎత్తు స్వరాలను వెతుకుతారు గానీ, ఆయన బలంలో పెద్ద వాటా లయదే అని నా అభిప్రాయం.

## 4. స్వర వ్యాప్తి కాదు, సుఖ స్థాయి

"ఐదు ఆక్టేవుల గొంతు" వంటి ప్రచారాన్ని పక్కన పెట్టండి (ఆక్టేవు అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఒక స్థాయి). ఒక్కసారి తాకిన కీచు స్వరాన్ని, ఊపిరితో కలిసిన గరగర శబ్దాన్ని కూడా కలిపి లెక్కపెడితే ఆ అంకెకు అర్థం ఉండదు. దాని బదులు మూడు జాబితాలు రాయండి.

- తాకగలిగినవి: ఏదో ఒక రికార్డింగులో వినిపించిన అతి తక్కువ, అతి ఎక్కువ స్వరాలు.
- వాడగలిగినవి: పదాలు స్పష్టంగా పలుకుతూ, నాలుగైదు ప్రదర్శనల్లో నిలకడగా వినిపించినవి.
- సుఖంగా ఉండేవి: గొంతు నిండుగా మోగుతూ, మెల్లగానూ గట్టిగానూ పాడగలిగినవి.

మూడో జాబితాయే ఆ గాయకుడి అసలు ఇల్లు. రెండో జాబితాకూ మూడో జాబితాకూ మధ్య దూరం తక్కువగా ఉంటే అది గొప్ప బలం.

మాట్లాడే గొంతును బట్టి పాడే స్థాయిని ఊహించకండి. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ గాత్రం మీద 2016లో ప్రచురితమైన ధ్వని విశ్లేషణ ఆయన మాటల సగటు ఎత్తును సుమారు 117 హెర్ట్జ్‌గా లెక్కించింది. అది బారిటోన్ (మధ్యస్థమైన మగ గొంతు) వరుసలోది. పాడినదేమో ఎక్కువగా టెనర్ (ఎత్తైన మగ గొంతు) స్థాయిలో.

పాటను అసలు శ్రుతి కన్నా దించి పాడుతుంటే ఆ సంగతి, సంవత్సరంతో సహా నమోదు చేయండి. ఎల్టన్ జాన్ 1987లో గొంతు శస్త్రచికిత్స చేయించుకున్న తరువాత ఆయన గాత్రం మరింత మంద్రంగా మారింది. ఆయన 1970ల నాటి పాటలనూ 1990ల నాటి పాటలనూ కలిపి ఒకే తీర్పు ఇవ్వడం కుదరదు. గాత్రాన్ని ఎప్పుడూ కాలంతో కలిపే అంచనా వేయాలి.

## 5. గొంతు మారే చోటు

కింది స్వరాలను మాటల గొంతుకు దగ్గరగా, నిండుగా పాడటాన్ని చెస్ట్ వాయిస్ అంటారు. పై స్వరాల్లో తేలికపడే గొంతు హెడ్ వాయిస్. రెండింటి గుణాలను కలిపి పాడేది మిక్స్. గట్టిగా, పిలిచినట్టుగా పై స్థాయిలో పాడటం బెల్టింగ్. మరియా కేరీ వంటి కొందరు వీటన్నిటికీ పైన ఈల వంటి విజిల్ రిజిస్టర్ కూడా వాడతారు.

అంచనా వేయవలసినది ఒక్కొక్క గదిని కాదు, గదుల మధ్య గుమ్మాన్ని. కింది నుంచి పైకి వరుసగా ఎక్కే పాదాన్ని ఎంచుకుని, ఈ ప్రశ్నలు వేసుకోండి:

- ఏ స్వరం దగ్గర గొంతు రంగు మారింది? మూడు రికార్డింగుల్లోనూ అదే స్వరమా?
- మారే చోట శబ్దం ఒక్కసారిగా తగ్గిందా?
- అచ్చు రూపం మారిందా? "ఈ" కాస్తా "ఎ" వైపు జరిగితే అది తప్పు కాదు, చాలాసార్లు శిక్షణకు గుర్తు.
- అదే ఎత్తు స్వరాన్ని ఆ గాయకుడు మెల్లగా కూడా పాడగలడా?

చివరి ప్రశ్న అతి ముఖ్యం. ఎత్తు స్వరాన్ని గట్టిగా మాత్రమే అందుకోగలిగితే అది నియంత్రణ లోపం. గట్టిగానూ, మెల్లగానూ, మధ్యస్థంగానూ పాడగలిగితే అక్కడ పట్టు ఉన్నట్టే.

మన తెలుగు శ్రోతలు ఇక్కడ ఒక అలవాటు మానుకోవాలి. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఫాల్సెటో (పై స్వరాల్లో గొంతును పలచగా, తేలికగా మార్చి పాడటం) దొంగగొంతులా తోస్తుంది. మగ గాయకుడు అలా పాడగానే "అందుకోలేక తప్పించుకున్నాడు" అంటాము. పాప్‌లో అది ఎంచుకుని వాడే రంగు. కావాలని మారినవాడు గుమ్మం దాటేటప్పుడు తడబడడు, ప్రతి ప్రదర్శనలోనూ అక్కడే మారతాడు.

## 6. ఊపిరి, వైబ్రాటో, వేగ స్వరాలు

ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పాట సాహిత్యం మీద గీతలతో గుర్తించండి. పదం మధ్యలో, లేదా అర్థం తెగిపోయే చోట పీల్చితే అది లోపం. వినిపించేలా పీల్చడం మాత్రం లోపం కాదు. స్టూడియోలో కంప్రెసర్ అనే పరికరం చిన్న శబ్దాలను పెంచడం వల్ల కూడా అలా వినిపిస్తుంది.

వైబ్రాటోను, అంటే నిలిపిన స్వరం అలలా ఊగడాన్ని, సగం వేగంలో విని, సెకనుకు ఎన్ని అలలో లెక్కించండి. స్పెక్ట్రోగ్రామ్‌లో అది అలల గీతలా కనిపిస్తుంది. సెకనుకు 5 నుంచి 7 అలలు సాధారణం. అంతకన్నా నెమ్మదై, వెడల్పై ఊగితే అలసటో వయసో కారణం కావచ్చు. దీన్ని మన గమకంతో కలపకండి. గమకం రాగ లక్షణం, వైబ్రాటో గొంతు నిలకడలో పుట్టే కదలిక.

బిర్కాల వంటి వేగ స్వరాల వరుసను పాప్‌లో రన్ అంటారు. సగం వేగంలో విన్నప్పుడు ప్రతి స్వరం విడిగా, సమాన వ్యవధిలో వినిపిస్తే బలం. కలగాపులగంగా జారితే, పూర్తి వేగంలో ఎంత ఆకట్టుకున్నా అది అస్పష్టతే. ప్రతి పాదం చివరా ఒకటే తరహా రన్ వేస్తుంటే అది గొంతు లోపం కాదు, ఊహ లోపం. వేరే గడిలో రాయండి.

## 7. శైలి, లోపం: రెండింటినీ వేరుచేసే పరీక్ష

గరుకుదనం, ఊపిరి కలిసిన ధ్వని, ముక్కు పలుకు, పదాలను మింగడం వంటివి ఒక్కొక్కరిలో ఒక్కొక్క అర్థం ఇస్తాయి. తేల్చడానికి ఒకటే ప్రశ్న: కావాలనుకుంటే ఆ గాయకుడు అది లేకుండా పాడగలడా? అలా పాడిన రికార్డింగు దొరికితే అది శైలి. ఎంత వెతికినా దొరకకపోతే "ఆధారం లేదు" అని రాయాలి గానీ "చేతకాదు" అని రాయకూడదు.

బిల్లీ ఐలిష్ తొలి పాటలు విన్న చాలామంది గుసగుసలాడటం తప్ప గొంతు ఎత్తలేదని అన్నారు. 2024 నాటి ఆల్బమ్‌లో ఆమె నిండు గొంతుతో పై స్థాయిలో పాడి వినిపించారు. ముందు నుంచీ "ఆధారం లేదు" అని రాసుకున్నవారు ఒక గడిలో రాత మార్చుకుంటే సరిపోయింది.

పదాల స్పష్టతను తేల్చడానికి సాహిత్యం చూడకుండా విని, మీకు వినిపించిన పదాలను రాసి, తరువాత సరిచూడండి. పై స్థాయిలో అచ్చులు కలిసిపోవడం సహజమే. మధ్య స్థాయిలో కూడా హల్లులు పోతుంటే అది లోపం.

## 8. నమూనా: అడెల్, 2011 బ్రిట్ అవార్డులు

బ్రిటన్ సంగీత పురస్కారాల ఈ వేదిక మీద అడెల్ "సమ్‌వన్ లైక్ యు" పాటను పియానో ఒక్కటే తోడుగా పాడారు. అంచనాకు అనువైన పాట: చరణం కింది స్థాయిలో మాటల్లా సాగి, పల్లవి ఒక్కసారిగా పైకి లేస్తుంది. నేనైతే ఇలా రాస్తాను.

- బలం: కింది స్థాయిలో నిండుదనం, హల్లుల స్పష్టత, మాటకు పాటకు మధ్య సందు లేకపోవడం. శబ్దాన్ని క్రమంగా పెంచే నేర్పు.
- గమనించవలసినది: పై స్వరాల్లో నిండు గొంతు బరువునే ఎక్కువగా మోయడం. కొన్ని చోట్ల స్వరం చివర త్వరగా తెగడం. అది ఉద్వేగమా, ఒత్తిడా అన్నది ఈ ఒక్క రికార్డింగుతో తేలదు.
- తరువాత చేయవలసినది: అదే పాటకు 2012 తరువాతి ప్రదర్శనలతో పోల్చడం.

2012ను గీతగా పెట్టడానికి కారణం ఉంది. 2011 నవంబరులో అడెల్ స్వరతంత్రులకు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఆమె మళ్లీ పాడారు. అయినా "అలా పాడినందువల్లే గొంతు పాడైంది" అని రాసే అధికారం శ్రోతకు లేదు. స్వరతంత్రుల స్థితిని చెప్పవలసినది వాటిని పరికరంతో చూసిన వైద్యులే. "బొంగురుగా వినిపించింది" దగ్గర ఆగిపోవాలి.

## 9. తరచుగా దొర్లే పొరపాట్లు, సవరణలు

- ఎత్తు స్వరానికే మార్కులు వేయడం. సవరణ: అంచనాలో సగం భాగం మధ్య స్థాయి గురించి ఉండేలా చూసుకోండి, పాటలో ఎక్కువ భాగం గడిచేది అక్కడే.
- గాత్రాన్ని వేరుచేసే సాఫ్ట్‌వేర్ ఫలితాన్ని అలాగే నమ్మడం. అది ఊపిరిని కోసేస్తుంది, వాద్యాల మిగులును గరుకుగా మారుస్తుంది. సవరణ: గొంతు స్వభావం గురించి అసలు పాట విన్న తరువాతే రాయండి.
- అభిమాని ఏరి కూర్చిన "మేటి క్షణాలు", ద్వేషి కూర్చిన "తప్పుల దండ" వీడియోలను ఆధారంగా తీసుకోవడం. సవరణ: పూర్తి పాటలే వినండి.
- ఇద్దరు గాయకులను వేర్వేరు పాటల్లో పోల్చడం. సవరణ: ఒకే పాటను, వీలైతే ఒకే శ్రుతిలో ఇద్దరూ పాడినది వెతకండి.
- పదికి ఇన్ని అని మార్కులు ఇవ్వడం. సవరణ: "ఈ స్వరం పైన, నాలుగింట మూడు రికార్డింగుల్లో" వంటి వాక్యం రాయండి.

## 10. తుది నివేదిక

ఒక పేజీ దాటకుండా ఈ వరుసలో రాయండి:

1. విన్న రికార్డింగులు, సంవత్సరాలు.
2. సుఖ స్థాయి, గొంతు మారే స్వరం.
3. మూడు బలాలు, ఒక్కొక్కదానికి రెండు చోట్ల నిమిషం, సెకను.
4. మూడు పరిమితులు, అదే విధంగా.
5. శైలిగా భావించి లోపాల్లో చేర్చనివి.
6. ఆధారం లేక తేల్చనివి.

రాసిన వెంటనే ఎవరికీ చూపించకండి. కొన్ని రోజులు ఆ పాటలు వినకుండా ఉండి, ఆ తరువాత నివేదికలో పేర్కొన్న చోట్లను మాత్రమే మళ్లీ వినండి. అప్పుడు మీకే వినిపించనివాటిని కొట్టేయండి. ఆరో వరుస ఖాళీగా ఉంటే మాత్రం రికార్డింగుల జాబితాను ఇంకోసారి సరిచూసుకోండి. తక్కువ విని ఎక్కువ తేల్చిన నివేదికల్లోనే ఆ వరుస ఖాళీగా ఉంటుంది.